క్రెడిట్లు కూడా కాలువ నీళ్లే

పోస్టు కొంచెం పొడుగే. మన గ్రూపులో యూనివర్సిటీల్లో జాగ్రఫీ, జియాలజీ, జియోఇన్ఫర్మాటిక్స్, సోషల్ వర్క్ చదివే వాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు కాబట్టి రాస్తున్నా. మిగతా వాళ్లకూ రేపు పనికొస్తుంది. ముందు నా తప్పు చెప్పుకుని తర్వాత మాట్లాడతా, లేకపోతే "నువ్వేందప్పా మాకు చెప్పేది" అంటారు.

మాది మైదుకూరు పక్కన తండా. నేను పీజీ చేసింది మ్యాపుల చదువు. యూనివర్సిటీ పేరు చెప్పను, అవసరం లేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ అని ఒకటి ఇచ్చినారు. అమెరికాలో ఈఎస్‌ఆర్‌ఐ అనే కంపెనీది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా ఇంటర్నెట్‌లోనే మ్యాపు చేసుకోవచ్చు, ఫోన్‌లో తిరిగి పాయింట్లు తీసుకోవచ్చు. లాగిన్ చేతికొచ్చిన రోజు నాకు ఎంత సంతోషమంటే, రాత్రి హాస్టల్‌లో కూర్చుని మా తండా మీద జూమ్ చేసి మా ఇంటి రేకులు కనపడతాయేమో అని చూసినా. కనపడినాయి.

ఇందులో క్రెడిట్లు అని ఒక లెక్క ఉంటుందని మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు నేను క్లాసుకు పోలేదేమో, అదీ నిజమే కావచ్చు. ఫోన్‌లో డేటా ప్యాక్ లాంటిది అనుకోండి. కాకపోతే హాస్టల్ మొత్తానికి ఒకటే ప్యాక్. యూనివర్సిటీకి ఏడాదికి ఇన్ని అని క్రెడిట్లు వస్తాయి. అందరి లాగిన్లూ ఆ ఒక్క కుండలోంచే ముంచుకుంటాయి. అడ్మిన్ ఒక్కొక్కరికి ఇంత అని కట్టడి పెడితే తప్ప, ఎవరు ఎంత ముంచినా అడ్డం లేదు.

నేను ముంచిన సంగతి చెప్తా. రాయలసీమ నాలుగు ఉమ్మడి జిల్లాల్లోని తండాలు, గూడేలు, ఎరుకల కాలనీలు, యానాది గుడిసెలు, అన్నీ కలిపి ఒక ఎక్సెల్ షీటు తయారు చేసినా. 4,000 వరుసలు. అడ్రసు, మండలం, జిల్లా. దాన్ని మ్యాపులోకి లాగితే "అడ్రసును బట్టి పెట్టాలా" అని అడిగింది. ఔను అన్నా. అడ్రసును పాయింటుగా మార్చే ఈ పనికి 1,000 వరుసలకు 40 క్రెడిట్లు. అంటే నా షీటుకు 160. అది నాకు తెలియదు. వచ్చిన మ్యాపు చూస్తే మైదుకూరు మండలం తండాలన్నీ మైదుకూరు ఊరి నడుమ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మన తండాలకు వీధి పేరు ఉంటుందా, డోర్ నంబరు ఉంటుందా? ఆ యంత్రానికి మండలం పేరు ఒక్కటే అర్థమైంది, అన్నీ తీసుకపోయి నాలుగు రోడ్ల దగ్గర కుప్ప పోసింది. స్పెల్లింగ్ తప్పేమో అని సరిచేసి మళ్లీ నడిపించినా. మళ్లీ అదే కుప్ప. మూడోసారి జిల్లా పేరు మార్చి నడిపించినా. మూడు సార్లకు 480 క్రెడిట్లు. ఒక్క తండా కూడా దాని చోట పడలేదు.

ఇది జరిగిన కొన్ని నెలలకు మా జూనియర్ చెల్లి ఒకామె ఫోన్ చేసింది. ఆమెది ఆత్మకూరు వైపు నల్లమలలో చెంచు గూడెం. వాళ్ల గూడెంలో చదువుకు యూనివర్సిటీ దాకా వచ్చిన వాళ్లు చేతి వేళ్ల మీద లెక్క. ప్రాజెక్టు కోసం ఆమె పెద్దవాళ్ల వెంట అడవిలో నడిచి ఫోన్‌లో పాయింట్లు తీసుకుంది. తేనె తీసే కొండ చరియలు, గడ్డలు తవ్వుకునే చోట్లు, ఎండాకాలంలో కూడా ఊరే చెలమలు, పాత గూడెం ఉండిన జాగా. అటవీ హక్కుల చట్టం కింద సామాజిక హక్కు కోసం గ్రామసభ దరఖాస్తు పెట్టుకోవాలని ప్రయత్నం. ఆ ఫైల్లో పెట్టేందుకు ఈ మ్యాపు. పబ్లిష్ నొక్కితే క్రెడిట్లు లేవని మెసేజ్. "అన్నా, నా తప్పేమన్నా ఉందా?" అని అడిగింది నన్ను.

నేను అప్పటికప్పుడు నెట్ లేదేమో, మళ్లీ లాగిన్ అయి చూడు అని అన్నా. మూడు రోజుల తర్వాత అడ్మిన్ సారు రిపోర్టు తీసి చూపిస్తే అందులో నా పేరు పైనుంచి నాలుగోది.

గ్రామసభ ఆగలేదనుకోండి. చార్టు మీద స్కెచ్ పెన్నులతో వాళ్లే పటం గీసుకున్నారు. చట్టం ప్రకారం అది చాలు కూడా. 2012లో సవరించిన నియమాల్లో స్పష్టంగా ఉంది: ఉపగ్రహ చిత్రాల్లాంటి టెక్నాలజీ సాక్ష్యానికి తోడుగా ఉండాల్సిందే గాని సాక్ష్యానికి బదులు కాకూడదు అని. ఈ మాట మనలో చాలామందికి తెలియదు. ఎవరైనా ఆఫీసరు "శాటిలైట్‌లో చెట్లే కనపడుతున్నాయి, నీ హక్కు లేదు" అంటే ఈ నియమం చూపించండి. కానీ ఆ చెల్లి కొండలెక్కి దిగిన పని, ఆమె డిగ్రీ ప్రాజెక్టు రెండూ కొత్త క్రెడిట్లు వచ్చేదాకా నిలిచిపోయినాయి. నా 480 లేకున్నా అవి అయిపోయేవేమో. అయినా ఆ లెక్కలో నా 480 ఉండాయి కదా.

మైదుకూరు వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కేసీ కెనాల్ ఉంది కదా. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వాళ్లు తవ్వించినారు, 1882లో ప్రభుత్వం కొనేసింది. సుంకేసుల కాడ తుంగభద్రలో మొదలై కర్నూలు, నంద్యాల దాటుకుని మా వైపుకు వచ్చి కడప దాకా పోతుంది. పేరుకు 39.9 టీఎంసీల వాటా. కాగితం మీద అందరికీ నీళ్లే. పైన తూముల దగ్గర వాళ్లు ఎక్కువ తెరుచుకున్న ఏడు మైదుకూరు, చాపాడు, ఖాజీపేట రైతుల నాట్లు ఎండిపోతాయి. పైన ఉన్నాయన చెడ్డోడని కాదు. ఆయన పొలం కాడ కాలువ నిండుగా కనపడుతుంది, అంతే. చివర ఏమవుతుందో ఆయన కంటికి ఆనదు. నాకు కూడా ఆ రోజు స్క్రీన్ మీద అంతా నిండుగానే కనపడింది.

యూనివర్సిటీలో మనం ఉండేది కాలువ చివర్లోనే. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, ఇంట్లో నెట్ ఉన్నవాళ్లు, సారు ల్యాబులో ముందు నుంచీ ఉన్నవాళ్లు ఏడాది మొదట్లోనే పని మొదలుపెడతారు. మనవాళ్లు ఫీల్డుకు పోయి, పాయింట్లు తీసుకుని, ఊర్లో పండగ చూసుకుని, స్కాలర్‌షిప్ పడినాక ల్యాప్‌టాప్ రిపేరు చేయించుకుని పనిలో కూర్చునేసరికి జనవరి, ఫిబ్రవరి. అప్పటికి కుండ అడుగంటి ఉంటుంది. అందుకే క్రెడిట్ల పొదుపు అనేది పెద్ద ల్యాబుల వాళ్లకు మర్యాద విషయం, మనకు మాత్రం అవసరం.

ఏది ఖర్చు, ఏది కాదు అనేది తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. మ్యాపు తెరవడం, వెనక శాటిలైట్ బొమ్మ పెట్టుకోవడం, రంగులు మార్చడం, గీతలు గీయడం, సెర్చ్ డబ్బాలో ఒక ఊరి పేరు కొట్టి వెతకడం, వీటికి ఏమీ కాదు. భయపడకండి. మనలో కొందరు ఈ క్రెడిట్ల మాట విని లాగిన్ తెరవడమే మానేసినారు, అది ఇంకా పెద్ద నష్టం. ఖర్చయ్యేది ముఖ్యంగా మూడు చోట్ల.

ఒకటి నేను చేసిన అడ్రసుల పని. దానికి మందు చాలా సులువు. అక్షాంశం, రేఖాంశం రెండు గళ్లు షీట్‌లో ఉంటే, "అడ్రసు" బదులు వాటిని చూపిస్తే పైసా ఖర్చు లేదు. మన తండాలకైతే అదొక్కటే సరైన దారి. ఫోన్ పట్టుకుని సేవాలాల్ గుడి కాడనో, బోరింగు కాడనో నిలబడి తీసుకున్న పాయింటు ఏ అమెరికా యంత్రమిచ్చే పాయింటు కన్నా కరెక్టుగా ఉంటుంది. నేను 480 క్రెడిట్లు పోసి పొందలేకపోయింది ఊరికో తమ్ముడు వాట్సాప్‌లో లొకేషన్ పంపిస్తే వచ్చేది.

రెండు, విశ్లేషణలు. ఆసుపత్రికి 10 నిమిషాల దూరం, 20 నిమిషాలు, 30 నిమిషాలు అని వలయాలు గీస్తారే, ఆ ఒక్కో వలయానికి అర క్రెడిట్. వినడానికి ఎంతప్పా అర క్రెడిట్ అనిపిస్తుంది. 300 తండాలకు మూడేసి వలయాలు గీస్తే 450 క్రెడిట్లు. అదీ ఒక్కసారి. నిమిషాలు మార్చి ఇంకోసారి నడిపిస్తే 900. కాబట్టి ముందు మూడు తండాలతో నడిపించి చూసుకోండి, బాగుంటేనే మొత్తం నడిపించండి. రన్ కొట్టే ముందు అక్కడే "ఎస్టిమేట్ క్రెడిట్స్" అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎంత పోతుందో చెప్తుంది. నొక్కడానికి ఖర్చు లేదు. ఆ బటన్ అక్కడ ఉందని నాకు పీజీ అయిపోయే ముందు తెలిసింది.

మూడోది ఎవరికీ కనపడనిది, అసలు దొంగ అదే. నిల్వ. మనం పబ్లిష్ చేసిన లేయర్ ఊరికే పడి ఉన్నా నెలనెలా క్రెడిట్లు తింటూనే ఉంటుంది. 10 ఎంబీకి నెలకు 2.4 క్రెడిట్లు. ఒకరు జిల్లా మొత్తం సర్వే నంబర్ల లేయర్ 200 ఎంబీది ఎక్కించినారనుకోండి. నెలకు 48. ఏడాదికి 576. ప్రాజెక్టు అయిపోయి, పట్టా చేతికొచ్చి, ఉద్యోగంలో చేరి, పెళ్లి కూడా చేసుకుని ఉంటారు. ఆ లేయర్ మాత్రం యూనివర్సిటీ కుండలో మూతి పెట్టి తాగుతూనే ఉంటుంది. అదే డేటాను ఊరికే చూసేందుకైతే టైల్ లేయర్‌గా పెట్టొచ్చు. దానికి 1 జీబీకి నెలకు 1.2 క్రెడిట్లే. ఎంత తేడానో మీరే లెక్క వేసుకోండి. ఫోటోలు కూడా ఈ తక్కువ రేటు కిందికే వస్తాయి గాబట్టి ఫీల్డ్ ఫోటోలకు పెద్దగా భయం లేదు. రేట్లు కంపెనీ మార్చొచ్చు, వాడే ముందు ఒకసారి చూసుకోండి.

మా రిపోర్టులో నాకంటే పైన ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడో చదువు ముగించుకుని పోయినవాళ్లు. వాళ్లు ఏ పనీ చేయలేదు ఆ ఏడు. వాళ్ల లేయర్లు చేసినాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా స్టూడెంట్ల బాధ్యత అని చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను. కాలువ మీద లస్కర్ ఉంటాడు, తూము ఎంత తెరవాలో చూసేది ఆయన పని. ఈ సాఫ్ట్‌వేర్‌లో కూడా అడ్మిన్‌కు ఒక్కొక్కరికి ఇన్ని క్రెడిట్లు అని హద్దు పెట్టే వీలుంది. వాడకపోతే పెట్టనట్టే, అందరికీ తూము పూర్తిగా తెరిచినట్టే. చదువు అయిపోయిన వాళ్ల ఖాతాలు మూయాల్సిందీ అడ్మినే. ఏడాదికి ఒకసారి గంటసేపు కూర్చుంటే అయ్యే పనికి ఒక చెంచు పిల్ల ప్రాజెక్టు ఆగిపోతే, అది పిల్లల అజాగ్రత్త అనడం న్యాయం కాదు. కాబట్టి మనం అడగాలి. ఒక్కొక్కరుగా పోయి అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు. పదిమంది సంతకాలతో హెచ్‌ఓడీకి కాగితం ఇస్తే వేరుగా ఉంటుంది. ఏం అడగాలంటే, ప్రతి స్టూడెంటుకు మొదట చిన్న హద్దు, ప్రాజెక్టు చూపిస్తే పెంచడం, జనవరి తర్వాత పని మొదలుపెట్టే వాళ్ల కోసం కొంత వాటా పక్కన ఉంచడం, నెలనెలా వాడకం రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టడం. ఆ చివరి దానికి కొందరు సీనియర్లకు కోపం వస్తుంది. రానీయండి.

మన గ్రూపులోనే ఒక తమ్ముడు నాతో వాదించినాడు. "అన్నా, వాళ్లు వేలకు వేలు వాడుకుంటాంటే మనం పది పది మిగిలించి ఎవరికి పెట్టాల? ఏడాది ఆఖరుకు మిగిలినవి ఎట్లాగూ మురిగిపోతాయి కదా" అని. అతని మాటలో సగం నిజం ఉంది. ఏడాది ముగిసినాక మిగిలినవి మామూలుగా ముందుకు రావు. అందుకే నేను వాడొద్దు అనడం లేదు, మంచి పని ఉంటే 500 అయినా వాడండి. ఆ చెల్లి 500 వాడి ఉంటే నాకు ఒక్క రవ్వ బాధ ఉండేది కాదు. కానీ పైవాళ్లు తూము ఎక్కువ తెరిచినారని మనం కట్ట తెంపుకుంటే, ఎండేది మన పక్క పొలమే. నేను ఖర్చు పెట్టిన 480 ఏ పెద్ద ల్యాబు వాళ్లకూ తగల్లేదు. మన మనిషికే తగిలింది.

ఇంకొందరు అంటారు, అసలు ఈ కంపెనీ గొడవ ఎందుకు, క్యూజీఐఎస్ ఉచితం కదా, దాంట్లోనే చేసుకుందాం అని. నేను కూడా మూడు వంతుల పని దాంట్లోనే చేస్తా ఇప్పుడు. ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, క్రెడిట్ల మాట లేదు, పాత మెషిన్ అయినా మెల్లగా లాక్కొస్తుంది. బరువు పనులన్నీ అక్కడ చేసుకుని, తయారైన చిన్న లేయర్ మాత్రమే పైకి ఎక్కిస్తే క్రెడిట్లు మిగులుతాయి. ఇస్రో వాళ్ల భువన్ ఉంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన తండాల పేర్లు మనమే రాసుకోవచ్చు, ఎవరి దయా అక్కర్లేదు. అయినా కంపెనీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా వదిలేయమని చెప్పలేను. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి డ్రోన్లు, రోవర్లు, మ్యాపుల పని తెలిసిన వాళ్లకు గిరాకీ వచ్చింది. ఇంటర్వ్యూకు పోతే "ఆర్క్‌జీఐఎస్ వచ్చా" అనే అడుగుతారు ఎక్కువ చోట్ల. యూనివర్సిటీలో ఉచితంగా దొరికినప్పుడు నేర్చుకోకుంటే బయట కొనేది మనవల్ల కాదు. వెయ్యి క్రెడిట్లు కొనాలంటేనే 100 డాలర్ల పైమాట.

ఇంకో విషయం, క్రెడిట్లతో ముడిపడిందే. మ్యాపు తయారైనాక "ఎవరు చూడొచ్చు" అని అడుగుతుంది. మన సంబరంలో అందరికీ అని పెట్టేస్తాం, లింకు స్టేటస్‌లో పెట్టేస్తాం. ఖర్చయ్యే సర్వీసును మీ లాగిన్ దాచిపెట్టి ఆ యాప్‌లో కలిపి ఉంటే, దారినపోయే వాడు నొక్కినా క్రెడిట్లు పోయేది మన కుండలోంచే. అది డబ్బుల సంగతి. దానికంటే పెద్ద సంగతి ఉంది. ఆ చెల్లి తేనె చరియల లేయర్, దేవర ఉండే చోటు లేయర్ ఎవరికీ కనపడకుండా పెట్టింది. గ్రామసభ ఒప్పుకున్న గీత మాత్రమే బయటికి. ఎవరు నేర్పినారో అడిగితే "మా అవ్వ చెప్పింది, తేనె జాగా అందరికీ చెప్పకూడదని" అంది. మన గ్రూపులో ఎరుకల అన్నలకు ఇంకో రకంగా తెలుసు ఇది. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా చుట్టి, ఎవరు ఏ ఊర్లో ఉన్నారో, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో రిజిస్టర్లలో రాసినారు. దేశంలో ఆ చట్టం 1952 దాకా నడిచింది. మన ఉనికి ఎవరి చేతిలో పడుతుందో చూసుకోవాలి అనేది మనకు భయం వల్ల వచ్చిన బుద్ధి కాదు, అనుభవం వల్ల వచ్చింది. అందుకని షేరింగ్ ముందు ఒక్క నిమిషం. మీ ఒక్కరి డేటా కాదది, మీకు దారి చూపించిన పెద్దాయనది కూడా.

ఇప్పుడు ఏం చేద్దాం అంటే, ఈ గ్రూపులో యూనివర్సిటీ లాగిన్ ఉన్న వాళ్లు ఈ వారంలో ఒకసారి మీ "మై కంటెంట్" తెరిచి చూడండి. సైజు ప్రకారం వరుస పెట్టండి. టెస్ట్1, టెస్ట్2, ఫైనల్, ఫైనల్‌ఫైనల్ అని పడి ఉంటాయి, నాకు తెలుసు. అవసరమైనవి ల్యాప్‌టాప్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని మిగతావి తీసేయండి. దించుకోకుండా మాత్రం తీసేయొద్దు. చదువు అయిపోబోయే వాళ్లు లేయర్ల పట్టిక ఒకటి రాసి గైడుకో, జూనియర్‌కో అప్పజెప్పండి. జూనియర్లు ఎవరికైనా అడ్రసుల షీటు ఉంటే నాకు చెప్పండి, లొకేషన్లు సేకరించేందుకు ఊరూరా మన వాళ్లున్నారు ఈ గ్రూపులో, క్రెడిట్ ఖర్చు లేకుండా పది రోజుల్లో అయిపోతుంది. నా పాత షీటు కూడా అట్లనే చేస్తున్నా. మైదుకూరు, దువ్వూరు, బ్రహ్మంగారిమఠం మండలాలు అయినాయి. నాలుగు రోడ్ల దగ్గర కుప్ప పడిన తండాలు ఒక్కొక్కటే వాటి చోటికి పోతున్నాయి.

నా పాత ఖాతా ఇంకా తెరుచుకునే ఉంది, యూనివర్సిటీ వాళ్లు మూయలేదు. నిన్న రాత్రి లోపలికి పోయి 11 లేయర్లు తీసేసినా. రెండు మిగిలినాయి. అవి గైడ్ సారుతో కలిసి చేసినవి, ఆయన్ను అడిగి సోమవారం తీసేస్తా.